రాగి తీగ ఇంటర్నెట్ నుంచి ఫైబర్‌కి మారేటప్పుడు: ఏ డబ్బు తిరిగొస్తుంది, ఏది రాదు

ల్యాండ్‌లైన్ ఫోను తీగ మీదే ఇంటర్నెట్ నడుపుకుంటున్నవాళ్లు ఇంకా ఉన్నారు. పెద్దవాళ్లు మాత్రమే ఉండే ఇళ్లు, పాత కొట్లు, ప్లీడర్ల ఆఫీసులు, చిన్న క్లినిక్కులు. బీఎస్‌ఎన్‌ఎల్ 2005 జనవరిలో డేటావన్ పేరుతో బ్రాడ్‌బ్యాండ్ మొదలుపెట్టిన రోజుల్లో పెట్టించుకున్న కనెక్షన్ అలాగే సాగుతూ వచ్చింది. అప్పట్లో 256 కేబీపీఎస్ వేగం ఉంటే చాలు, బ్రాడ్‌బ్యాండ్ కిందే లెక్క. 2023 జనవరిలో కేంద్రం ఆ హద్దును 2 ఎంబీపీఎస్‌కి పెంచింది. రాగి తీగ మీద వచ్చే ఏడీఎస్‌ఎల్ 2 ప్లస్ ఎంత బాగా పనిచేసినా 24 ఎంబీపీఎస్ దాటదు. ఆ వేగమైనా ఎక్స్ఛేంజి పక్కింటికే. మూడు నాలుగు కిలోమీటర్ల అవతల ఉన్న ఇంటికి అందులో కొద్ది భాగమే చేరుతుంది. వానకి జాయింట్లు తడిస్తే అదీ ఉండదు.

కాబట్టి ఫైబర్‌కి, అంటే గాజు తీగ మీద వచ్చే ఇంటర్నెట్‌కి మారక తప్పదు. "మారడానికి ఎంతవుతుంది?" అని మీరు అడుగుతారు. అవతలివాళ్లు ఒక అంకె చెబుతారు, లేదా "ఫ్రీ అండీ" అంటారు. ఆ ఒక్క మాట మీద నిర్ణయం తీసుకోకండి. మార్పిడి ఖర్చు ఒక ఫీజు కాదు. పాత లైను మూసేటప్పుడు రావలసిన డబ్బు, కొత్త లైను పెట్టించేటప్పుడు పోయే డబ్బు, తిరిగి రావలసిన డిపాజిట్టు, రెండు లైన్లూ కలిసి నడిచే ఆ కొద్ది రోజుల బిల్లు అన్నీ కలిపితేనే అసలు లెక్క తేలుతుంది. ఏ పని ముందు చేశారు, ఏది తర్వాత చేశారు అన్నదాన్ని బట్టి కూడా ఆ లెక్క మారిపోతుంది.

మొదటి పని: పాత ఫైలు బయటికి తీయండి

కొత్త కంపెనీకి ఫోను చేసే ముందు పాత లైను తాలూకు కాగితాలు వెతకండి. చివరి బిల్లు ఒకటి చాలా ముఖ్యం. అందులో ఖాతా నంబరు, కస్టమర్ ఐడీ ఉంటాయి. డిపాజిట్ వివరం బిల్లులో కనబడకపోతే కస్టమర్ సర్వీస్ సెంటర్‌కి వెళ్లి మీ ఖాతాలో ఎంత డిపాజిట్ ఉందో అడిగి రాయించుకోండి. ఫోను కోసం ఏళ్ల తరబడి వరసలో ఉన్న కాలంలో కట్టిన డిపాజిట్టు కొన్ని ఇళ్లలో ఇప్పటికీ అలాగే ఉంది. ఓవైటీ (ఓన్ యువర్ టెలిఫోన్) అనే పాత డిపాజిట్ పథకం కింద ఫోను తీసుకున్న కుటుంబాలకు ఆ కాగితం బీరువా అడుగున ఎక్కడో ఉండే ఉంటుంది.

తర్వాత చూడాల్సింది కనెక్షన్ ఎవరి పేరు మీద ఉందన్నది. చాలామంది చిక్కుకునేది ఇక్కడే. ఫోను నాన్నగారి పేరు మీద ఉంటుంది. ఆయన పోయి ఏళ్లయినా బిల్లు కట్టేస్తున్నాం కదా అని పేరు మార్పించరు. లైను సరెండర్ చేశాక డిపాజిట్టు ఆయన పేరు మీదే వస్తుంది. ఆ ఖాతా ఎప్పుడో మూసేసి ఉంటుంది కాబట్టి డబ్బు చేతికి రాదు. అందుకని మూసే ముందే పేరు మార్పించండి. మరణ ధ్రువీకరణ పత్రం, మిగతా వారసులకు అభ్యంతరం లేదన్న సంతకాలు, మీ గుర్తింపు కార్డు నకలు తీసుకుని కస్టమర్ సర్వీస్ సెంటర్‌కి వెళ్లాలి. ఈ పనికి కొన్ని రోజులు పడుతుంది. అందుకే దీన్ని అన్నిటికంటే ముందు పెట్టాను.

మోడెమ్ మీదా, కంపెనీదా? కొనుక్కున్నదైతే తిరిగి ఇవ్వనక్కర్లేదు. అద్దెదైతే బిల్లులో ప్రతినెలా ఆ అద్దె వరస కనిపిస్తుంది. తిరిగివ్వకపోతే దాని ఖరీదు డిపాజిట్‌లోంచి కోస్తారు. దాని అడాప్టరు, ఫోను తీగకి తగిలించే చిన్న స్ప్లిట్టరు డబ్బా కూడా వెతికి పెట్టుకోండి.

ఏడాదికి ఒకేసారి కట్టే ప్లానులో ఉన్నారా? ఉంటే గడువు ఎప్పటిదాకా ఉందో చూసుకోండి. ఇంకా ఐదారు నెలలు మిగిలి ఉంటే, మిగిలిన డబ్బు వెనక్కి వస్తుందా రాదా అన్నది ముందే అడగాలి. రాదంటే తొందరపడకుండా గడువు దగ్గర పడ్డాక మారడమే మేలు.

చివరిగా, ఆ నంబరు, ఆ ఈమెయిలు ఎక్కడెక్కడ ఇచ్చారో గుర్తు చేసుకోండి. గ్యాస్ బుకింగుకి ల్యాండ్‌లైన్ నంబరే నమోదై ఉన్న ఇళ్లున్నాయి. డేటావన్, సంచార్‌నెట్ పేర్లతో వచ్చిన ఈమెయిలు చిరునామానే బ్యాంకుకి, బీమా కంపెనీకి ఇచ్చినవాళ్లు ఉన్నారు. లైను పోయాక ఆ మెయిలు కూడా పోతే పాస్‌వర్డ్ మార్చుకునే దారి ఉండదు. ముందే వేరే చిరునామా ఇచ్చేయండి.

రెండో పని: అదే కంపెనీలో ఉంటారా, వేరే కంపెనీకి వెళ్తారా?

ఈ నిర్ణయాన్ని చాలామంది నెల ధర చూసి తీసుకుంటారు. ముందు నంబరు సంగతి తేల్చుకోండి. మొబైలు నంబరును కంపెనీ మారినా వెంట తీసుకెళ్లవచ్చు. ల్యాండ్‌లైన్‌కి మన దేశంలో ఆ సదుపాయం లేదు. ముప్పై ఏళ్లుగా కొట్టు బోర్డు మీద, పెళ్లి కార్డుల మీద, రబ్బరు స్టాంపు మీద ఉన్న నంబరు మీకు కావాలంటే అదే కంపెనీలో రాగి నుంచి ఫైబర్‌కి మార్పించుకోవడం ఒక్కటే దారి. బీఎస్‌ఎన్‌ఎల్ పాత నంబరును ఫైబరు మీదికి మారుస్తుంది. అయితే మీరు నోరు తెరిచి అడగాలి. అడగకపోతే కొత్త కనెక్షన్ కింద రాసి కొత్త నంబరు ఇచ్చేసి, పాతదాన్ని విడిగా మూయించుకోమంటారు. దరఖాస్తులో "ఇదే నంబరుతో మార్పిడి" అన్న మాట ఉండేలా చూసుకోండి.

అదే కంపెనీలో మార్పిడి చేయించుకుంటే ఇంకో లాభం ఉంది. పాత డిపాజిట్టును కొత్త ఖాతాకి మార్చమని అడగవచ్చు. ఇన్‌స్టలేషన్ చార్జీ కూడా పాత కస్టమర్లకు మాఫీ చేస్తున్నారేమో కనుక్కోండి. రాగి లైన్లు తగ్గించుకోవాలని కంపెనీకీ ఉంది కాబట్టి ఇలాంటి ఆఫర్లు అప్పుడప్పుడూ వస్తాయి. ల్యాండ్‌లైన్ నుంచి బీఎస్‌ఎన్‌ఎల్ వారి భారత్ ఫైబర్‌కి మారినవాళ్లకు ఆరు నెలలపాటు నెలకు 200 రూపాయలు తగ్గించిన ఆఫరు కూడా ఒకప్పుడు నడిచింది. ఇప్పుడు ఏం నడుస్తోందో కౌంటర్లో అడిగి, చెప్పిన ఆఫరు పేరు రాసుకోండి.

వేరే కంపెనీకి వెళ్తే వేగం, సర్వీసు బాగుండవచ్చు. మీ వీధిలో ఎవరు బాగా చూస్తారన్నదే అక్కడ ముఖ్యం. దానికి ఏ ప్రకటనా పనికిరాదు. మీ వరసలో నాలుగిళ్ల వాళ్లని "లైను పోతే ఎన్ని గంటల్లో వస్తున్నారు?" అని అడగండి. ఒకే కంపెనీ ఒక వీధిలో బంగారంలా, పక్క వీధిలో అధ్వానంగా ఉండటం మామూలే. ఎందుకంటే చివరి తీగ చూసుకునేది స్థానిక మనిషి. బీఎస్‌ఎన్‌ఎల్ ఫైబరు కూడా చాలా చోట్ల స్థానిక కేబుల్ ఆపరేటర్లతో ఆదాయం పంచుకునే పద్ధతిలోనే నడుస్తోంది. మీ ఇంటికి వచ్చేది కంపెనీ ఉద్యోగి కాకపోవచ్చన్నమాట. డబ్బు ఎవరి చేతికి ఇవ్వాలన్న ప్రశ్న దీని దగ్గరే మొదలవుతుంది. దాని గురించి కింద రాశాను.

మూడో పని: తీగ ఎక్కడి నుంచి వస్తుందో చూడండి

మీ ఇంటికి దగ్గరలో ఫైబరు పంపిణీ బాక్సు ఎక్కడుందో అడగండి. అక్కడి నుంచి మీ ఇంటికి ఎన్ని మీటర్లో, ఎన్ని మీటర్ల దాకా తీగ ఉచితమో, దాటితే మీటరుకి ఎంతో అడగండి. టౌన్లో ఇది పెద్ద విషయం కాదు. కోనసీమలో కొబ్బరి తోట మధ్యన, రోడ్డుకి దూరంగా ఉన్న ఇంటికి మాత్రం ఇన్‌స్టలేషన్ చార్జీ కన్నా తీగ ఖర్చే ఎక్కువ కావచ్చు.

తీగ ఏ స్తంభం మీదుగా వస్తుందన్నది కూడా చూడాలి. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి మనుషులు చనిపోయారు. ఆ తర్వాత కరెంటు స్తంభాల మీద వేలాడే కేబుళ్లను పెద్దఎత్తున కోసేశారు. ఆ రోజుల్లో నగరంలో ఎన్నో ఇళ్లకు ఇంటర్నెట్ ఆగిపోయింది. అందుకే "రేపు తీగ తీసేయాల్సి వస్తే మళ్లీ వేయడానికి మా దగ్గర డబ్బు తీసుకుంటారా?" అన్న ప్రశ్న హైదరాబాదులో ఉన్నవాళ్లు తప్పకుండా అడగాలి.

అపార్టుమెంటులో ఉంటే అసోసియేషన్ అనుమతి ముందే తీసుకోండి. కొన్ని చోట్ల ఒకటి రెండు కంపెనీల తీగలే పైకి రానిస్తారు. అద్దె ఇల్లయితే గోడకి రంధ్రం వేయడానికి ఇంటి ఓనరుకి ఒక మాట చెప్పండి.

నాలుగో పని: కొటేషన్‌ను ముక్కలు చేయించండి

"మొత్తం రెండున్నర వేలు" అంటే ఒప్పుకోకండి. ఆ రెండున్నర వేలలో ఏమేమి ఉన్నాయో విడగొట్టి చెప్పమనండి. 2019 సెప్టెంబరులో జియోఫైబర్ మొదలైనప్పుడు మొదట కట్టమన్నది 2,500 రూపాయలు. అందులో 1,500 తిరిగొచ్చే డిపాజిట్టు, 1,000 తిరిగిరాని ఇన్‌స్టలేషన్ చార్జీ. రెండూ కలిపి వింటే ఒకే డబ్బులా అనిపిస్తాయి. నిజానికి ఒకటి మీ డబ్బు, వాళ్ల దగ్గర ఉంచారు. రెండోది ఖర్చయిపోయింది.

రశీదు మీద ఆ రెండిటినీ విడదీసే సులువైన గుర్తు జీఎస్టీ. సేవకీ, వస్తువుకీ పన్ను పడుతుంది. టెలికాం సేవలకు అది 18 శాతం. తిరిగిచ్చే డిపాజిట్టుకి పన్ను పడదు. కాబట్టి ఇన్‌స్టలేషన్ 1,000 మీద 180 పన్ను కనిపిస్తే సరే. "డిపాజిట్ 1,500, పన్ను 270, మొత్తం 1,770" అని రాసి ఉంటే మాత్రం అక్కడే ఆగి అడగండి. పన్ను వేశారంటే దాన్ని వాళ్లు ఆదాయం కింద రాసుకున్నట్టే. నోటితో డిపాజిట్ అంటున్నా కాగితం మీద అది చార్జీ అయిపోయింది. రేపు తిరిగివ్వమంటే "అది యాక్టివేషన్ ఫీజు కదండీ" అంటారు.

రశీదులో వచ్చే మిగతా వరసలు ఇవి. యాక్టివేషన్ లేదా ఇన్‌స్టలేషన్ తిరిగిరాదు. రూటరు లేదా ఓఎన్‌టీ (ఫైబరు తీగ వచ్చి చేరే పెట్టె) అమ్మకమా, అద్దా, డిపాజిట్టా అన్నది రాసి ఉండాలి. ముందస్తు నెలల ప్లాను డబ్బు మామూలు చందానే. స్టాటిక్ ఐపీ, అంటే మారని ఇంటర్నెట్ చిరునామా, సీసీ కెమెరాలు బయటినుంచి చూసుకునే కొట్లకు కావాలేమో గానీ ఇంటికి అక్కర్లేదు, మీరు అడక్కుండా వేసి ఉంటే తీయించండి. ఓటీటీ ప్యాకు కూడా అంతే.

నెల ధర చూసి బాక్సును మర్చిపోవద్దు. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ మొదటి ప్లాను నెలకు 149 రూపాయలకే 15 ఎంబీపీఎస్ ఇంటర్నెట్, టీవీ చానళ్లు, ఫోను ఇచ్చింది. అంత చౌక ప్లానులో కూడా ఇంట్లో పెట్టే బాక్సు ఎవరిది, ఎంతకిచ్చారు, తిరిగిస్తే ఏమొస్తుంది అన్న లెక్క వేరేగా ఉంటుంది. ఏ ప్లానుకైనా ఈ మూడు ప్రశ్నలూ వేయండి.

వచ్చిన మనిషి "తీగ ఎక్కువ పట్టింది, ఓ ఐదొందలు ఇవ్వండి" అంటే ఏం చేయాలి? నిజంగానే ఎక్కువ పట్టి ఉండవచ్చు, అతని కష్టం అతనిది. ఇవ్వండి, కానీ కంపెనీ యాప్‌లోనో, కంపెనీ రశీదు మీదో ఇవ్వండి. అతని సొంత యూపీఐకి పంపిన డబ్బు కంపెనీ లెక్కలో ఎక్కదు. డిపాజిట్టు సంగతి అయితే మరీనూ. రశీదు లేని డిపాజిట్టు ఇక రాదనే అనుకోండి.

కొట్టు పేరు మీద జీఎస్టీ నంబరు ఉంటే కనెక్షన్ తీసుకునేటప్పుడే ఆ నంబరు ఇవ్వండి. కొట్టు పనికి వాడే లైను మీద కట్టిన పన్నును మీ రిటర్నుల్లో సర్దుకోవచ్చు. తర్వాత మార్పించడం పెద్ద తలనొప్పి.

ఐదో పని: మొదటి ఏడాది, రెండో ఏడాది విడిగా లెక్కేయండి

ఇక్కడ పెన్ను, కాగితం పట్టుకోవాలి. అంకెలు ఉదాహరణకే, మీకు చెప్పిన ధరలు పెట్టి చూసుకోండి.

ఒక కంపెనీ నెలకు 499 అంటోంది, ఇన్‌స్టలేషన్ 1,000, రూటరుకి 1,500 డిపాజిట్టు. ఇంకో కంపెనీ నెలకు 599 అంటోంది, ఇన్‌స్టలేషన్ ఉచితం, రూటరు ఉచితం. ప్రకటనల్లో చూపే ధరలు మామూలుగా పన్ను కలపనివి.

మొదటిదానికి ఏడాది చందా 5,988, దాని మీద 18 శాతం పన్ను 1,077.84, కలిపి సుమారు 7,066. ఇన్‌స్టలేషన్ పన్నుతో 1,180. మొదటి ఏడాది పోయే డబ్బు 8,246. డిపాజిట్టు 1,500 వేరే, అది మీదే. రెండోదానికి ఏడాది చందా 7,188, పన్ను 1,293.84, కలిపి సుమారు 8,482. అంటే అంతా "ఉచితం" అన్న కంపెనీకే మొదటి ఏడాదిలో 236 రూపాయలు ఎక్కువ పోతోంది. రెండో ఏడాది నుంచి తేడా 1,416. అది ప్రతి ఏడాదీ పోతూనే ఉంటుంది.

ఇంట్లో ఎన్నాళ్లు ఉంటారన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. ఏడాదిలో ఖాళీ చేసే అద్దె ఇంటికి ఇన్‌స్టలేషన్ లేని కంపెనీ నయం, చేతిలోంచి ఒక్కసారిగా పెద్ద మొత్తం కట్టక్కర్లేదు, డిపాజిట్టు కోసం తిరగనక్కర్లేదు. సొంత ఇంటికి మాత్రం ఇన్‌స్టలేషన్ కట్టి తక్కువ నెల ధర తీసుకోవడమే లాభం. "మొదటి మూడు నెలలు మాత్రమే ఈ ధర" అనే ప్లాను అయితే నాలుగో నెల ధరతోనే లెక్క వేయండి.

పాత బిల్లుని కూడా పక్కన పెట్టి చూడండి. ల్యాండ్‌లైన్ అద్దె, బ్రాడ్‌బ్యాండ్ చందా, మోడెమ్ అద్దె ఇప్పుడు విడివిడిగా కడుతుంటే, ఫైబరు ప్లానులో ఫోను కూడా కలిసే వస్తుంది కాబట్టి నెల ఖర్చు తగ్గే అవకాశమూ ఉంది.

ఆరో పని: కరెంటు పోయినప్పటి ఖర్చు

ఎవరూ చెప్పని ఖర్చు ఒకటుంది. పాత ల్యాండ్‌లైన్‌కి కరెంటు ఎక్స్ఛేంజిలో ఉన్న బ్యాటరీల నుంచి, 48 వోల్టుల మీద, ఆ రాగి తీగలోనే వచ్చేది. తుపానుకి ఊరంతా చీకటైనా ఫోను మోగేది అందుకే. ఫైబరులో వచ్చేది వెలుగు మాత్రమే, కరెంటు రాదు. ఇంట్లో కరెంటు పోతే ఓఎన్‌టీ ఆగిపోతుంది, ఫోనూ ఆగిపోతుంది.

ఇన్వర్టరు ఉన్న ఇంట్లో ఓఎన్‌టీని ఇన్వర్టరు లైనులో ఉన్న ప్లగ్గుకే పెట్టించండి. లేకపోతే రూటర్ల కోసం అమ్మే 12 వోల్టుల చిన్న యూపీఎస్ ఒకటి కొనండి. వెయ్యి నుంచి రెండు వేల దాకా ఉంటుంది. అడాప్టరు మీద వోల్టులు, ఆంపియర్లు చూసి దానికి సరిపోయేదే తీసుకోండి. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లు ల్యాండ్‌లైన్‌నే నమ్ముకున్న ఇంట్లో ఈ ఖర్చు వాయిదా వేయకండి. లిఫ్టులో అత్యవసర ఫోను, అలారం, పాత ఫ్యాక్సు, ఫోను తీగ మీద నడిచే స్వైపింగ్ మెషీను లాంటివి ఆ లైనుకి తగిలించి ఉంటే, అవి ఫైబరు మీద పనిచేస్తాయో లేదో ముందే తేల్చుకోండి.

ఏడో పని: తీగ లాగే రోజు ఇంట్లో ఉండండి

వాళ్లొచ్చినప్పుడు చూడాల్సిన విషయాలు కొన్నే. ఓఎన్‌టీని ఇంటి మధ్యలో, కాస్త ఎత్తులో పెట్టించండి. తీగ గుమ్మం పక్కకే వచ్చింది కదా అని చెప్పుల స్టాండు వెనక పెట్టేస్తారు, ఆ తర్వాత పడగ్గదికి వైఫై అందట్లేదని రెండో రూటరు కొనాలి. ఫైబరు తీగను తలుపు సందులోంచి, పదునైన మూల మీదుగా మడవనివ్వకండి. అందులో ఉండేది వెంట్రుకంత సన్నని గాజు. గట్టిగా వంగితే వెలుగు లీకవుతుంది, విరిగితే మళ్లీ అతికించాలి. ఒకటి రెండు మీటర్లు చుట్టగా వదిలిపెట్టమనండి, రేపు పెట్టెను జరపాలంటే పనికొస్తుంది.

తీగ అతికించాక వాళ్ల దగ్గరుండే చిన్న పవర్ మీటరుని తీగ చివర తగిలించి చూస్తారు. ఆ అంకె మీకూ చూపించమనండి. మైనస్‌లో ఉంటుంది. మైనస్ 15, మైనస్ 24 మధ్య ఉంటే నిశ్చింతగా ఉండొచ్చు. మైనస్ 27 దగ్గర్లో ఉంటే ఈ రోజు నడిచినా నాలుగు రోజులకి నడవదు. మళ్లీ అతికించి చూడమని అప్పుడే అడగండి. వాళ్లు వెళ్లిపోయాక అడిగితే అది కొత్త కంప్లయింటు అవుతుంది. ఆ అంకెను ఫోటో తీసి పెట్టుకోండి. పెట్టె మీద పాన్ (PON) అన్న దీపం ఆకుపచ్చగా నిలకడగా ఉండాలి. లాస్ (LOS) అన్న దీపం ఎర్రగా వెలిగితే వెలుగు చేరట్లేదని అర్థం.

పాత ఫోను పెట్టెను ఓఎన్‌టీ వెనకాల ఫోను గుర్తున్న రంధ్రానికి తగిలించి, మీ మొబైలు నుంచి ఆ నంబరుకి చేసి చూడండి. మోగాలి. ఆ ఫోను నుంచి బయటికీ చేసి చూడండి. ఒకటి పనిచేసి రెండోది చేయకపోవడం తరచూ జరుగుతుంది.

వేగం చూసేటప్పుడు లాప్‌టాప్‌కి కేబుల్ తగిలించి చూస్తే నిజం తెలుస్తుంది. వైఫై మీద అయితే 5 గిగాహెర్ట్జ్ పేరున్న నెట్‌వర్కులో చూడండి. డౌన్‌లోడ్ మీటర్లు కొన్ని మెగాబైట్లలో చూపిస్తాయి. 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకి 12.5 మెగాబైట్లు. ఆ అంకె చూసి మోసపోయామనుకోకండి.

గుర్తింపు కార్డు నకలు ఇచ్చేటప్పుడు దాని మీద అడ్డంగా "ఫలానా కంపెనీ ఇంటర్నెట్ కనెక్షన్ కోసం మాత్రమే" అని రాసి, తేదీ వేసి సంతకం చేయండి.

ఎనిమిదో పని: అప్పుడు పాతది మూయించండి

వేరే కంపెనీకి వెళ్తుంటే కొత్త లైను వచ్చిన రోజే పాతదాన్ని సరెండర్ చేయకండి. ఒక నెల రెండూ నడవనివ్వండి. ఒక నెల బిల్లు అదనంగా పోతుంది, నిజమే. కానీ కొత్తది సరిగా లేక పాతదాన్ని మళ్లీ పెట్టించాలంటే రాగి లైను ఇక ఇవ్వకపోవచ్చు. సెలవుల్లో పిల్లలొచ్చి ఇంటిల్లిపాదీ వాడినప్పుడు, ఒక పెద్ద వాన పడ్డాక కొత్త లైను ఎలా ఉందో చూడండి. ఆ తర్వాత మూయించండి.

బిల్లు కట్టడం మానేస్తే వాళ్లే తీసేస్తారులే అనుకోవడం చాలా ఖరీదైన పని. తీసేసేదాకా బిల్లు పెరుగుతూనే ఉంటుంది. ఆ బకాయిని మీ డిపాజిట్టులోంచి మినహాయించుకుంటారు. అది చాలకపోతే నోటీసులు వస్తాయి. ఇంకో పొరపాటు కూడా తరచూ జరుగుతుంది. బ్రాడ్‌బ్యాండ్ మాత్రమే మూసేయమని రాస్తారు, ల్యాండ్‌లైన్ అలాగే ఉండిపోయి దాని అద్దె నెలనెలా పడుతూనే ఉంటుంది. అందుకే ఉత్తరంలో రెండూ రాయండి. ఇలా రాస్తే సరిపోతుంది:

"నా పేరు మీద ఉన్న ఫలానా నంబరు ల్యాండ్‌లైన్‌ను, దాని మీద ఉన్న బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్‌ను ఫలానా తేదీ నుంచి మూసివేయవలసిందిగా కోరుతున్నాను. ఫలానా సీరియల్ నంబరు గల మోడెమ్‌ను, అడాప్టరును ఈ రోజు అప్పగించాను. చివరి బిల్లు సర్దుబాటు చేసి, మిగిలిన డిపాజిట్టును ఈ క్రింది బ్యాంకు ఖాతాకు జమ చేయగలరు."

రెండు ప్రతులు తీసుకెళ్లండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద తేదీతో స్టాంపు వేయించుకోండి. మోడెమ్ ఇచ్చినట్టు విడిగా రశీదు తీసుకోండి. రద్దు చేసిన చెక్కు ఒకటి జత చేయండి. చివరి బిల్లు కట్టేదాకా బ్యాంకులో ఆటోపే ఉంచి, ఆ వెంటనే తీయించేయండి. లేకపోతే మూసిన లైనుకి డబ్బు పోతూ ఉంటుంది. బకాయి ఏమీ లేదన్న పత్రం అడిగి తీసుకోండి.

డిపాజిట్టు రాకపోతే

కనెక్షన్ మూసేసిన 60 రోజుల్లో డిపాజిట్టు తిరిగివ్వాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2006లోనే బ్రాడ్‌బ్యాండ్ సేవల నాణ్యత నిబంధనల్లో పెట్టింది. 2024లో వాటి స్థానంలో వచ్చిన కొత్త నిబంధనల్లో ఆ గడువు 45 రోజులు. ఆ గడువు దాటినా రాలేదంటే ఊరికే ఎదురు చూడకండి.

ముందు కంపెనీ కస్టమర్ కేర్‌కి ఫిర్యాదు చేసి డాకెట్ నంబరు తీసుకోండి. ఆ నంబరు లేకపోతే మీరు ఫోను చేసినట్టే లెక్కలో ఉండదు. వాళ్ల జవాబు సంతృప్తిగా లేకపోయినా, అసలు జవాబే రాకపోయినా అదే కంపెనీలో అప్పీళ్లు వినే అప్పిలేట్ అథారిటీకి వెళ్లవచ్చు. ట్రాయ్ 2012 నిబంధనల ప్రకారం ప్రతి కంపెనీకి అది ఉండాలి. 30 రోజుల్లో అప్పీలు చేయాలి, వాళ్లు 39 రోజుల్లో తేల్చాలి. దానికి ఫీజు లేదు. చాలామంది నేరుగా ట్రాయ్‌కి రాస్తారు. ఒక్కొక్కరి ఫిర్యాదును ట్రాయ్ విచారించదు, కంపెనీకి పంపించి ఊరుకుంటుంది. ఆ సమయం వృథా చేసుకోకండి.

అక్కడా పని కాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోను చేయండి. తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. టెలికాం గొడవలు వినియోగదారుల కమిషన్ పరిధిలోకి రావన్న వాదనను 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపు ఉన్న కేసుకు జిల్లా కమిషన్‌లో ఫీజు లేదు. ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో వేయవచ్చు, వకీలు ఉండి తీరాలన్న నియమం కూడా లేదు. డిపాజిట్టు కట్టిన రశీదు లేదా డిపాజిట్టు కనిపించే పాత బిల్లు, స్టాంపు వేయించుకున్న సరెండర్ ఉత్తరం, మోడెమ్ రశీదు, డాకెట్ నంబరు, అప్పీలుకి వచ్చిన జవాబు జత చేయండి. వాళ్ల దగ్గర మీ డబ్బు ఎన్ని రోజులు ఉందో లెక్కగట్టి దాని మీద వడ్డీ కూడా అడగండి.